వెస్టిండీస్ అంటే బౌన్సర్లేనా? వాదనకి దిగేముందు ఇది చదువు

తమ్ముడూ, నువ్వడిగింది ఒకసారి నా మాటల్లో చెప్తా, మిగతావాళ్ళకీ అర్థమవుతుంది. నువ్వు వెస్టిండీస్ అభిమానివి. ఎవరో ఒకతను వచ్చి, "వాళ్ళ గొప్పంతా బౌన్సర్లతో (తల ఎత్తుకి లేచే బంతులతో) తలలు పగలగొట్టడమే, పోటీ లేని కాలంలో గెలిచారు, బౌన్సర్ల రూల్ మారగానే పని అయిపోయింది, ఇప్పుడు 27కి ఆలౌట్ అయ్యే టీమ్‌కి చరిత్రేంటి" అన్నాడు. నీకు ఒళ్ళు మండి నోటికొచ్చింది అనేశావు. తర్వాత నీకే బాధేసింది. ఇలాంటి మాటలకి ఏం జవాబివ్వాలి, అసలు ఇవ్వాలా వద్దా అని అడుగుతున్నావు.

ఇవ్వాలి. వదిలెయ్, పట్టించుకోకు అని చాలామంది చెప్తారు, నేను చెప్పను. తప్పు మాట పదిసార్లు తిరిగితే ఆ మ్యాచ్‌లు చూడని కుర్రాళ్ళకి అదే నిజమైపోతుంది. కాకపోతే జవాబిచ్చేముందు నీ టీమ్ చరిత్ర మొత్తం నీకు తెలిసుండాలి, గెలిచిన పేజీలొక్కటే కాదు.

నాది నలభై ఏళ్ళు దాటిన అభిమానం. 1983 ప్రపంచకప్‌లో, లార్డ్స్ ఫైనల్లో మనవాళ్ళు 183 కొట్టి వాళ్ళని 140కి ఆపేసినప్పుడు నేను స్కూల్లో చదువుతున్నా, అందరితో పాటు నేనూ గంతులేశా. ఆ ఏడాది ముగిసేలోపే వాళ్ళు ఇక్కడికొచ్చారు. కాన్పూర్‌లో వాళ్ళ ఫాస్ట్ బౌలర్ మార్షల్ వేసిన బంతికి గవాస్కర్ చేతిలోంచి బ్యాట్ ఎగిరిపడింది. వన్డేలు 5-0, ఆరు టెస్టుల సిరీస్ 3-0, మార్షల్ ఒక్కడికే 33 వికెట్లు. గవాస్కర్ కూడా ఊరుకోలేదు, ఢిల్లీలో 121, మద్రాస్‌లో 236 నాటౌట్ కొట్టాడు. కప్పు పోగొట్టుకున్న టీమ్ సాకులు చెప్పకుండా వచ్చి అలా ఆడటం చూశాక నా మనసు అటు వెళ్ళిపోయింది, ఇప్పటికీ తిరిగి రాలేదు.

ముందు నేను చేసిన తప్పు చెప్తా, అదే నీకు బాగా పనికొస్తుంది. చాలా ఏళ్ళ క్రితం ఒక వాదనలో "పదిహేనేళ్ళు ఓటమే ఎరగని టీమ్" అని రాశా. అవతలి మనిషి ఒక్క తిట్టు కూడా తిట్టలేదు, మూడు మ్యాచ్‌లు పెట్టాడంతే. 1986 ఫైసలాబాద్, వెస్టిండీస్ 53 ఆలౌట్, పాకిస్థాన్ స్పిన్నర్ అబ్దుల్ ఖాదిర్‌కి 16 పరుగులకి 6 వికెట్లు. 1988 జనవరి మద్రాస్, మన హిర్వాణీ తన మొట్టమొదటి టెస్టులోనే 136 పరుగులిచ్చి 16 వికెట్లు తీశాడు. అదే ఏడాది ఏప్రిల్‌లో జార్జ్‌టౌన్, పాకిస్థాన్ వచ్చి వెస్టిండీస్ గడ్డమీదే వాళ్ళని 9 వికెట్లతో ఓడించింది. నా దగ్గర జవాబు లేదు. నేను చెప్పాలనుకున్నది 1980 నుంచి 1995 దాకా వాళ్ళు ఒక్క టెస్టు సిరీస్ ఓడిపోలేదు అని. అది నిజం, వరసగా 29 సిరీస్‌లు. కానీ "సిరీస్" అనే ఒక్క మాట వదిలేసినందుకు నిజం చెప్పబోయి అబద్ధం చెప్పినవాణ్ణి అయ్యా. అక్కడున్న పదిమందీ ఆ తర్వాత నేనేం చెప్పినా నమ్మలేదు. జార్జ్‌టౌన్‌లో వాళ్ళ పెద్ద బ్యాట్స్‌మన్ రిచర్డ్స్, మార్షల్ ఇద్దరూ ఆడలేదని నాకు తెలుసు, అది కూడా అప్పుడు చెప్తే సాకులాగే వినిపించేది.

అప్పట్నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నా. అవతలివాడి మాటలో నిజం ఉంటే అది ముందు నేనే చెప్తా, వాడికంటే వివరంగా చెప్తా.

బౌన్సర్ల సంగతే తీసుకో. "అదేం లేదు, అంతా అసూయ" అనకు. 1976 ఏప్రిల్, కింగ్‌స్టన్‌లోని సబీనా పార్క్. గైక్వాడ్ చెవికి తగిలి ఆస్పత్రికెళ్ళాడు, విశ్వనాథ్ వేలు విరిగింది, బ్రిజేష్ పటేల్ మూతి పగిలింది. మొదటి ఇన్నింగ్స్ 306 దగ్గర ఇండియా కెప్టెన్ బేడీ డిక్లేర్ చేసేశాడు. రెండో ఇన్నింగ్స్ స్కోర్‌కార్డ్‌లో ఐదుగురి పేర్ల ఎదురుగా గాయంతో ఆడలేదనే ఉంటుంది, ఇండియా 97తో ఆగిపోయింది. అప్పుడు హెల్మెట్లు లేవు, ఓవర్‌కి ఇన్నే బౌన్సర్లు అనే పరిమితి కూడా లేదు. ఆ మ్యాచ్ గురించి నేను గొప్పగా ఎప్పుడూ చెప్పను. ఎవరైనా ఎత్తితే అవును, అది దారుణమైన మ్యాచ్ అనే అంటా. ఓవర్లు మరీ నెమ్మదిగా వేసేవాళ్ళు అన్నా ఒప్పుకుంటా, అదీ నిజమే.

కానీ అది ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెప్పాలి కదా. అంతకు కొన్ని నెలల ముందే వాళ్ళు ఆస్ట్రేలియాలో 5-1తో చితికిపోయారు, అక్కడి ఫాస్ట్ బౌలర్లు లిల్లీ, థామ్సన్ వాళ్ళ ఒంటిమీద దెబ్బల గుర్తులు మిగిల్చి పంపారు. తర్వాత పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో వెస్టిండీస్ కెప్టెన్ లాయిడ్ ముగ్గురు స్పిన్నర్లని పెట్టుకుని ఇండియాకి 403 లక్ష్యం ఇచ్చాడు, గవాస్కర్ 102, విశ్వనాథ్ 112, మనవాళ్ళు 4 వికెట్లకే 406 కొట్టేశారు. నాలుగో ఇన్నింగ్స్‌లో అంత ఛేజ్ చేయడం అప్పట్లో రికార్డు. నలుగురు పేసర్ల దాడి అనే ఆలోచన లాయిడ్‌కి గట్టిపడింది ఆ రెండు దెబ్బలతోనే. అంటే ఆ పద్ధతి వాళ్ళమీద వాడినదాన్నే వాళ్ళు నేర్చుకుని, అందరికంటే బాగా చేయడం. ఇది చెప్తే సబీనా పార్క్ మంచిదైపోదు, కానీ ఆ టీమ్ గాల్లోంచి ఊడిపడలేదని తెలుస్తుంది.

ఇక "బౌన్సర్లు తప్ప ఏం లేదు" అన్నదానికి నా దగ్గరున్న గట్టి సాక్ష్యం అదే ఏడాది ఆగస్టులో ఇంగ్లండ్‌తో జరిగిన ఓవల్ టెస్టు. ఎండలకి మైదానంలో గడ్డి ఎండిపోయి పచ్చదనమే లేదు, పిచ్‌లో ప్రాణం లేదు. వెస్టిండీస్ 8 వికెట్లకి 687 కొట్టి డిక్లేర్ చేసింది, అందులో రిచర్డ్స్ 291. ఇంగ్లండ్ కూడా 435 చేసింది, ఏమిస్ డబుల్ సెంచరీ. మిగతా బౌలర్లంతా చెమటలు కక్కుతున్న ఆ పిచ్ మీద వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్ హోల్డింగ్ 149 పరుగులకి 14 వికెట్లు తీశాడు. ఎలా తీశాడో చూడు, ఎక్కువ భాగం బౌల్డ్, ఎల్‌బీడబ్ల్యూ. స్టంప్స్‌కీ కాళ్ళకీ గురిపెట్టి, బ్యాట్స్‌మన్‌కి దగ్గరగా పడేలా వేసిన బంతులవి. తలకి గురిపెట్టి స్టంప్స్ పడగొట్టడం కుదరదు.

దానికి ముందు చరిత్ర చాలామందికి తెలియదు, అభిమానులకి కూడా. వెస్టిండీస్ ఇంగ్లండ్‌లో మొట్టమొదటిసారి టెస్టు గెలిచింది 1950లో, లార్డ్స్‌లో, 326 పరుగులతో. గెలిపించింది ఎవరు? ఇద్దరు కుర్ర స్పిన్నర్లు, రమాదిన్, వాలెంటైన్. టూర్‌కి ఎంపికయ్యేనాటికి చెరో రెండు ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లే ఆడారు. ఆ టెస్టులో రమాదిన్‌కి 11 వికెట్లు, వాలెంటైన్‌కి 7. మొదటి టెస్టు ఓడి కూడా సిరీస్ 3-1తో గెలిచారు. తర్వాత 1976లో టెస్టుల్లో అత్యధిక వికెట్ల ప్రపంచ రికార్డు ఎవరి పేరు మీదకి వచ్చిందో తెలుసా, లాన్స్ గిబ్స్, 309 వికెట్లు, ఆఫ్ స్పిన్నర్. అందుకే నాకు "వెస్టిండీస్ అంటే పేస్" అని మన వెస్టిండీస్ అభిమానులే అన్నప్పుడు కూడా కొంచెం బాధేస్తుంది, సగం చరిత్ర మనమే చెరిపేసుకుంటున్నాం.

పోటీ లేని కాలం అన్న మాట అసలు నిలబడదు, దీనిమీద ఎక్కువసేపు గడపకు. ఎదురుగా ఉన్నది ఇమ్రాన్, హ్యాడ్లీ, బోథం, కపిల్, గవాస్కర్, బోర్డర్. ఇమ్రాన్ కెప్టెన్సీలో పాకిస్థాన్ 1986, 1988, 1990 సిరీస్‌లు మూడింటినీ 1-1తో సమం చేసింది. ఇది దాచకు, పైకి చెప్పు. నిన్ను మూడుసార్లు ఆపినవాళ్ళు ఉన్నారంటే పోటీ ఉన్నట్టే కదా. ఇంగ్లండ్‌లో ఇంగ్లండ్‌ని 1984లో 5-0తో, ఆస్ట్రేలియాలో ఆస్ట్రేలియాని 1984-85లో 3-1తో, 1988-89లో మళ్ళీ 3-1తో ఓడించారు. సొంత పిచ్‌ల మీదే గెలిచారనే మాట కూడా ఇక్కడితో పోయింది.

రూల్ మారాక పడిపోయారన్నది కొంచెం జాగ్రత్తగా చూడాల్సిన విషయం, ఎందుకంటే వినడానికి నిజంలాగే ఉంటుంది. ఓవర్‌లో ఒక బ్యాట్స్‌మన్‌కి ఒక్క బౌన్సరే అనే నిబంధన 1991లో వచ్చింది. సిరీస్ ఓడింది 1995లో. మధ్యలో ఏం జరిగింది? 1993 జనవరిలో అడిలైడ్‌లో ఒకే ఒక్క పరుగు తేడాతో గెలిచారు, ఆ వెంటనే పెర్త్‌లో ఫాస్ట్ బౌలర్ ఆంబ్రోస్ ఒక స్పెల్‌లో 1 పరుగు ఇచ్చి 7 వికెట్లు తీశాడు, సిరీస్ 2-1. నిబంధన వచ్చిన తర్వాతే, ఆస్ట్రేలియాలోనే. మరి ఎందుకు పడిపోయారంటే మనుషులు వెళ్ళిపోయారు. గ్రీనిడ్జ్ 1991లో ఆపేశాడు. రిచర్డ్స్, మార్షల్, డూజోన్ ముగ్గురూ అదే ఏడాది ఆగస్టులో ఓవల్‌లో చివరి టెస్టు ఆడారు. ఒకే వేసవిలో అంతమంది పోతే ఏ టీమ్ అయినా ఖాళీ అవుతుంది. ఆంబ్రోస్, వాల్ష్, లారా ఉన్నన్నాళ్ళు పైకి కనపడలేదు. 1995లో కింగ్‌స్టన్‌లో ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ స్టీవ్ వా 200 కొట్టి ఆ కాలం ముగించాడు. తర్వాత బోర్డుకీ ఆటగాళ్ళకీ డబ్బు గొడవలు, 1998లో దక్షిణాఫ్రికా టూర్‌కి వెళ్ళకుండా ఆటగాళ్ళు లండన్‌లో ఆగిపోవడం, వెళ్ళాక 5-0తో ఓడటం, ఇదంతా బౌన్సర్ రూల్‌తో ముడిపెట్టలేం.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన విషయం. అవతలివాళ్ళు సాధారణంగా ఇది ఎత్తరు, వాళ్ళకి తెలియదు. కానీ చరిత్ర అని గొంతెత్తి మాట్లాడేవాళ్ళం మనం దాచకూడదు. 1983 జనవరిలో, మళ్ళీ 1983-84లో వెస్టిండీస్ ఆటగాళ్ళు కొందరు వర్ణవివక్ష ప్రభుత్వం ఉన్న దక్షిణాఫ్రికాకి డబ్బు తీసుకుని ఆడటానికి వెళ్ళారు. లారెన్స్ రో కెప్టెన్, కోలిన్ క్రాఫ్ట్, సిల్వెస్టర్ క్లార్క్, కాళీచరణ్, చిన్న పేర్లేం కాదు. నల్లవాళ్ళని మనుషులుగా చూడని చోట వీళ్ళకి "గౌరవ శ్వేతజాతీయులు" అనే హోదా ఇచ్చారు. జీవితకాల నిషేధం పడింది, 1989లో ఎత్తేశారు. టీమ్‌లో చోటు దొరక్క, వేరే ఆదాయం లేక వెళ్ళినవాళ్ళూ అందులో ఉన్నారు, అందరినీ ఒకే గాటన కట్టను. కానీ రిచర్డ్స్‌కి అంతకంటే పెద్ద మొత్తం ఇస్తామన్నా వెళ్ళలేదు. రిచర్డ్స్ వెళ్ళలేదని గర్వంగా చెప్పాలంటే వెళ్ళినవాళ్ళు ఉన్నారని కూడా చెప్పాలి. నేను చాలాకాలం మొదటి సగమే చెప్పేవాణ్ణి.

ఇది ఎందుకంత ముఖ్యమో నీ వయసువాళ్ళకి తెలియాలి. వెస్టిండీస్ అనేది ఒక దేశం కాదు, జమైకా, బార్బడోస్, ట్రినిడాడ్, గయానా, ఆంటిగ్వా ఇలా వేర్వేరు దేశాలు కలిసి ఆడే టీమ్. 1928లో మొదలుపెట్టారు, ఇంగ్లండ్‌లో మూడు టెస్టులూ ఇన్నింగ్స్ తేడాతో ఓడారు. టీమ్‌లో ఎంత గొప్ప నల్ల ఆటగాడున్నా కెప్టెన్ తెల్లవాడే. హెడ్లీ లాంటి గొప్ప నల్ల బ్యాట్స్‌మన్‌కి 1948లో ఒక్క టెస్టుకి కెప్టెన్సీ ఇచ్చారంతే. సిరీస్ మొత్తానికి ఒక నల్ల కెప్టెన్ రావడానికి 1960 దాకా ఆగాల్సి వచ్చింది, ఫ్రాంక్ వారెల్. ఆస్ట్రేలియాతో ఆడిన ఆ సిరీస్‌లోనే బ్రిస్బేన్‌లో క్రికెట్ చరిత్రలో మొదటి టై టెస్టు జరిగింది. సిరీస్ 2-1తో ఓడిపోయారు. ఓడిన టీమ్‌కి వీడ్కోలు చెప్పడానికి మెల్‌బోర్న్ వీధుల్లో జనం బారులు తీరారు. ఇప్పటికీ ఆ రెండు టీమ్‌ల మధ్య టెస్టు సిరీస్‌కి ఇచ్చే ట్రోఫీ వారెల్ పేరు మీదే ఉంది. నా దృష్టిలో వెస్టిండీస్ చరిత్రలో అతి పెద్ద పేజీ ఇదే, 5-0లు కాదు.

అలాగే 1976 ఇంగ్లండ్ సిరీస్‌కి ముందు ఇంగ్లండ్ కెప్టెన్ టోనీ గ్రెగ్ టీవీలో వీళ్ళని మోకాళ్ళ మీదకి తెస్తానన్న అర్థంలో మాట్లాడాడు. దక్షిణాఫ్రికాలో పుట్టిన తెల్ల కెప్టెన్ నోట ఆ మాట ఎలా వినిపించి ఉంటుందో ఆలోచించు. రిచర్డ్స్ ఆ సిరీస్‌లో నాలుగే టెస్టుల్లో 829 పరుగులు చేశాడు, టీమ్ 3-0తో గెలిచింది. బంతి వేగం ఒక్కటే చూసి మాట్లాడేవాళ్ళకి నువ్వు ఇది చెప్పాలి, కోపంగా కాదు, తెలియనివాడికి చెప్పినట్టు చెప్పు.

ఇక 27 ఆలౌట్. అవును, 2025 జులై, అదే సబీనా పార్క్, ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ స్టార్క్‌కి 9 పరుగులకి 6 వికెట్లు. టెస్టుల్లో ఇంతకంటే తక్కువ స్కోరు ఒక్కటే ఉంది, 1955లో న్యూజిలాండ్ 26. 2023లో స్కాట్లాండ్ చేతిలో ఓడి వన్డే ప్రపంచకప్‌కే అర్హత పోగొట్టుకున్నారు. దీనికి జవాబుగా 1984ని తీసుకురాకు. నువ్వు చేసిన అసలు తప్పు ఇక్కడే అనిపిస్తోంది నాకు, తిట్టడం తర్వాత సంగతి. ఇప్పటి ఓటమికి అప్పటి గెలుపు జవాబు కాదు, ఇప్పటి ఓటమి అప్పటి గెలుపుని చెరపనూ లేదు. రెండూ విడిగా చెప్పు. "అవును, ఘోరంగా ఆడారు" అను, అక్కడితో ఆపు. ఇప్పటి టీమ్ గురించే మాట్లాడాలనుకుంటే 2024 జనవరిలో బ్రిస్బేన్‌లోని గబ్బా మైదానంలో ఆడిన టెస్టు ఉంది కదా. షమార్ జోసెఫ్, గయానాలో పడవ మీద తప్ప వెళ్ళలేని ఊరివాడు, అంతకుముందు సెక్యూరిటీ గార్డుగా పనిచేసినవాడు, కెరీర్‌లో రెండో టెస్టు. ముందురోజు స్టార్క్ యార్కర్ కాలి వేలిమీద పడి నడవలేని స్థితిలో ఉన్నాడు. ఆ కాలితోనే వచ్చి 68 పరుగులకి 7 వికెట్లు తీసి 8 పరుగులతో గెలిపించాడు. ఆస్ట్రేలియాలో 27 ఏళ్ళ తర్వాత వచ్చిన టెస్టు గెలుపు. కామెంటరీ బాక్స్‌లో లారా ఏడ్చేశాడు, ఇక్కడ నేనూ ఏడ్చా.

ఇంకో మాట, మన అభిమానుల్లోనే కొందరు పాత వీడియోలు పెట్టి ఇప్పటి కుర్రాళ్ళని తిడుతుంటారు, మీరు వారసులే కాదు అంటారు. అలాంటివాళ్ళతో కలవకు. 1928లో వరసగా ఇన్నింగ్స్ తేడాతో ఓడినవాళ్ళని అప్పుడే వదిలేసి ఉంటే 1950 వచ్చేదా?

రిచర్డ్స్ ఫలానా బౌలర్‌తో ఫలానా మాట అన్నాడట అని తిరిగే కథలు కూడా సాక్ష్యంగా వాడకు, వినడానికి బాగుంటాయి కానీ ఎవడైనా రుజువడిగితే చేతిలో ఏమీ ఉండదు. నిజంగా జరిగిన కథలే మనకి బోలెడు. 1984 హెడింగ్లీలో మార్షల్ ఎడమ బొటనవేలు రెండుచోట్ల విరిగింది. డాక్టర్లు ఆడొద్దన్నారు. తొమ్మిదో వికెట్ పడేసరికి గోమ్స్ 96 మీద ఉన్నాడు, సెంచరీ మిస్ అవుతుందని మార్షల్ కట్టుతో ఒంటిచేత్తో బ్యాట్ పట్టుకుని దిగాడు, ఒక ఫోర్ కూడా కొట్టాడు. గోమ్స్ సెంచరీ అయింది. తర్వాత అదే కట్టుతో బౌలింగ్‌కి వచ్చి 53 పరుగులకి 7 వికెట్లు తీశాడు. 1999లో నలభై ఒక్క ఏళ్ళకే పోయాడు. 376 వికెట్లు, సగటు 20.94.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. నువ్వు తిట్టిన మనిషికి ముందు సారీ చెప్పు, చిన్నగా, వివరణలేం లేకుండా. ఆ తర్వాత సబీనా పార్క్ 1976 గురించి నువ్వన్నది నిజమే అని రాసి, దాని కిందే ఓవల్ 1976 హోల్డింగ్ గణాంకాలు పెట్టు, వికెట్లు ఎలా పడ్డాయో వరసగా రాయి. అతను చదివితే మాట కొనసాగించు, మళ్ళీ అదే మాట తిప్పి తిప్పి అంటే జవాబివ్వకు, చదివే మిగతావాళ్ళకి నీ జవాబు అక్కడ ఉండనే ఉంటుంది. రాసేముందు ఆ రెండు మ్యాచ్‌ల స్కోర్‌కార్డులు నువ్వే ఒకసారి మొదట్నుంచి చివరిదాకా చూడు, నేను చెప్పానని రాసేయకు. ఏదైనా లెక్క తేడా కనిపిస్తే నాకు చెప్పు, సరిచేసుకుంటా.